పేరులేని బటన్లు

"బటన్. బటన్. బటన్."

కళ్ళు తెరవకముందే ఆ గొంతు చెవిన పడింది. కోపం లేదు, కరుణ లేదు. చినుకు చినుకుగా అదే మాట. టేబుల్ మీద తల వాల్చి కునుకు తీస్తున్న ఆమె ఉలిక్కిపడి లేచింది. కిటికీ పక్కన పిన్ని, ఒళ్ళో కీబోర్డు. చూపు పోయిన దగ్గరనుంచీ తెరమీది అక్షరాలను ఆవిడకు చదివిపెట్టేది ఆ యంత్రపు గొంతే.

"ఏమే, నీ పేజీలో మనుషులెవరూ లేరా? అన్నీ బటన్లేనా?"

"ఉన్నారు పిన్నీ. నీకు చెప్పడం లేదంతే."

ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల పేజీ కట్టడం ఆమె పని. ప్రతి ముక్కా తానే చెక్కనక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో ఎవరెవరో ముందే చేసిపెట్టిన కాంపొనెంట్లు కుప్పలుగా దొరుకుతాయి. ఏరుకుని అతికించడమే. ఆ ఏరుకోవడమే ప్రాణం తోడేస్తోంది. ఇంట్లోవాళ్ళ పేర్లు చూపించి 'అపాయింట్‌మెంట్ ఎవరికి?' అని అడిగే జాబితా ఒక్కటి మిగిలింది. దానికి ముందు మూడున్నాయి, సాయంత్రంలోగా ఒకటి తేల్చాలి.

మొదటిది నొక్కగానే నెమలి పురి విప్పినట్టు విచ్చుకుంటుంది. ఆఫీసంతా దానికే మనసు పారేసుకుంది. రెండోది, తనొక్కదాన్ని పిలిస్తే ఇంకో పాతిక కాంపొనెంట్ల బంధుబలగాన్నంతా వెంటేసుకొస్తుంది. పేజీ తెరుచుకునేసరికి జబ్బు దానంతటదే నయమైపోతుంది. ఇక మూడోది, ఏ కాంపొనెంటూ అక్కర్లేకుండా బ్రౌజరే ఇచ్చే పాత జాబితా. సొంపు లేదు, షోకు లేదు. దాని మొహం చూసినవాళ్ళే లేరు.

"ఈసారి మోకాలి డాక్టరుకి నేనే రాయించుకుంటా," అంది పిన్ని. "ప్రతిదానికీ నువ్వు సెలవు పెట్టడం, నేను వెనకాల గొడుగులా వేలాడటం! నీ మొహం కనబడకపోయినా నిట్టూర్పు వినబడుతుందే తల్లీ."

ఆమెకు సిగ్గేసింది. నిట్టూర్చిన మాట నిజమే.

ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, "ఎవరు కావాలండీ?" అంటూ ఊళ్ళన్నీ కలిపిన మనిషి పిన్ని. అక్కడ అందరికీ ఆపరేటరు, ఇక్కడ అందరికీ పిన్ని. అసలు పేరు కాగితాల్లోనే ఉండిపోయింది.

మొదటిదానికే ఇంకొక్క అవకాశం ఇద్దామనుకుంది ఆమె. గొంతు చదవడానికి వీలుగా బటనుకు ఒక పేరు తగిలిస్తే సరి. నిద్రమత్తులో తగిలించేసింది.

"బటన్ బటన్," అంది గొంతు.

"ఒకసారి చెబితే నాకు వినబడదనుకుందా? పోయింది కళ్ళేనని చెప్పు దానికి!"

చూసుకుంటే, పేరు రాయవలసిన చోట 'బటన్' అనే రాసింది. అది బటనన్న సంగతి గొంతు ఎలాగూ తనే చెబుతుంది. ఫక్కున నవ్వింది, నవ్వు సగంలోనే ఆవులింతైంది. తప్పు దిద్దింది. బటనుకు పేరొచ్చింది గాని, లోపలి మనుషులకు రాలేదు. ఆ పేర్లు కంటికోసం గీసిన బొమ్మలే. బాణం మీటలు అక్కడిదాకా పోవు, గొంతుకు అవి ఆనవు.

ఫోను మోగింది. అవతల టీమ్ లీడు. ఏది చూపించినా తళుకు చాల్లేదంటాడు గనక ఆఫీసులో ఆయన పేరే తళుకు.

"ఏమ్మా, మొదటిదే కదా? చూడముచ్చటగా ఉంది."

"చూసేవాళ్ళకి ముచ్చటేనండీ. చూడలేనివాళ్ళకి అందులో గోడ తప్ప ఏమీ లేదు. పాతది పెడతాను."

"అబ్బా! అలాంటివాళ్ళు ఎంతమందొస్తారు?"

"మా ఇంట్లోనే ఒకరున్నారండీ."

"సరే. రేపు ఆస్పత్రివాళ్ళు మొహం చిట్లిస్తే నేను అడ్డం రాను. నువ్వే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను."

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, తనకే తెలియలేదు. ధైర్యం కాదేమో, బతిమాలే ఓపిక అయిపోయిందంతే. మొదటిదాన్ని వేళ్ళతో సహా పీకేసింది. అందంకోసం పడ్డ అవస్థంతా తెరమీదినుంచి తుడుచుకుపోయింది. ఆ చోట పాత జాబితా బోసిగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చూడు పిన్నీ."

పిన్ని వీపు నిటారుగా పెట్టి, ఎక్స్ఛేంజిలో కూర్చున్నట్టే కూర్చుంది. మీట నొక్కింది.

"అపాయింట్‌మెంట్ ఎవరికి?" అడిగింది గొంతు.

"ఓహో, ఇప్పుడు నన్నడుగుతున్నావా!" అంది పిన్ని. వేలు తడుముకుంటూ కింది బాణం దగ్గర ఆగింది. పిన్ని నొక్కింది.

"సువర్చల," అంది గొంతు. కాగితాల్లో ఉండిపోయిన పిన్ని పేరు.