మూతకు రెండు మేకులు

గుమ్మంలో నిలబడ్డ బస్సు డ్రైవరు కోటుకు ఒక్క నల్ల గుండీ కుట్టాలి. దాని కోసం ఆ ఇంటి కోడలు ఏడు రేకు డబ్బాలు నేల మీద గుమ్మరించింది. ఆ ఒంటి గదిలోనే అత్తతో, మొగుడితో ఆమె కాపురం, బతుకుతెరువుకు కుట్టుపని. గుండీలు, హుక్కులు, దారపు కండెలు కలగాపులగమయ్యాయి. నల్ల గుండీ మాత్రం దొరకలేదు. డ్యూటీకి వేళవుతోందంటూ డ్రైవరు కోటు లాక్కుని వెళ్లిపోయాడు.

కోడలు తల పట్టుకుని కూలబడింది. అత్త మంచం కింద నుంచి గోనెసంచి బయటికి లాగింది. దాన్నిండా ఖాళీ గాజు సీసాలే. జాము, కాఫీపొడి, తేనె అయిపోయాక ఏళ్ల తరబడి కడిగి దాచినవి.

"పారేద్దామన్నాను కదా అత్తయ్యా!"

"అన్నావు. నాకు వినపడలేదు. వీటిలో పోస్తే ఏది ఎక్కడుందో కళ్లకు కనపడుతుందే."

"పెట్టడానికి చోటేదీ? అర మీద చీమ దూరే సందు లేదు."

"అర మీద లేదు. అర కింద?"

కోడలు పైకి చూసింది. గోడకున్న చెక్క అర కింది వైపు నున్నగా, ఖాళీగా ఉంది.

"మూతను కింద నుంచి చెక్కకు కొడదాం. సీసా తిప్పితే బిగుస్తుంది," అంది అత్త.

కోడలు చివాలున లేచి స్టూలెక్కింది. ఒక మేకు కొట్టి సీసా తిప్పితే మూత కూడా గిర్రున తిరిగింది.

"మా వాడిలాగే ఉందే! ఎవరు తిప్పితే అటు!" అంది అత్త.

ఇద్దరూ పగలబడి నవ్వారు. రెండో మేకు కొట్టగానే మూత కదలడం మానేసింది. సీసా నిండా గుండీలు పోసి బిగించి, కింద దిండు వేసి, ఊపిరి బిగబట్టి కోడలు చేయి వదిలింది.

సీసా గాలిలో నిలిచింది!

"నిలబడిందత్తయ్యా! నిలబడింది!"

"చూస్తావేం, ఇంకోటి కొట్టు!"

మధ్యాహ్నానికి పదకొండు సీసాలు రంగురంగులుగా వేలాడాయి. భోజనానికొచ్చిన మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నెత్తిన పడితే?"

"నీ తల గట్టిదేలే. ముందు ఈ కుట్టుమిషను పట్టు," అంది వాళ్లమ్మ.

డబ్బాల దొంతర తీసేయగా ఖాళీ అయిన మూల కిటికీ పక్కనే ఉంది. ముగ్గురూ కలిసి మిషను అక్కడికి జరిపారు. ఇన్నేళ్లూ పట్టపగలు బల్బు కింద కళ్లు చికిలించి కుట్టిన కోడలు, ఎండ వెలుగులో మొదటిసారికే సూదిలోకి దారం ఎక్కించింది. ఆనందం పట్టలేక ఉత్త గుడ్డపేలిక మీదే పెడలు తొక్కేసింది.

అత్త అప్పటికే పక్కింటి తలుపు బాదుతోంది. "అమ్మాయ్, మీ ఖాళీ సీసాలేం చేస్తున్నారూ? మేకులుంటే అవీ పట్రా!"