ఒక్క ఊపిరిలో రెండచ్చులు

కెయితా నోట్లో అచ్చులు నిలవవని రావిరి మామయ్య రోజూ ఏడిపించేవాడు. సిడ్నీలో పుట్టి పెరిగి, అత్తయ్యా మామయ్యల ఊరికి వచ్చిన పిల్ల మరి.

"సిడ్నీవాళ్ళు 'నో' అంటే చాలు, ఆ ఒక్క ఓకారం మూడు ఊళ్ళు తిరిగిగానీ బయటికి రాదు," అనేవాడు చిలగడదుంపల మట్టి కడుగుతూ. "వద్దంటున్నారో, దారి అడుగుతున్నారో ఎవరికి తెలుసు!"

మాతెరొఅ అత్తయ్య నవ్వేది. ఆ నవ్వుకు చప్పుడుండేది కాదు. గొంతులో గడ్డ తీసేశాక ఆమెకు మిగిలింది ఎండుటాకులు రాసుకున్నట్టుండే గుసగుస ఒక్కటే.

ఆ ఊరివాళ్ళంతా కూడే పెద్ద ఇల్లూ, దాని ముందు పచ్చికా కలిపి మరఎ. అక్కడికి వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళయినా గేటు దగ్గర ఆగాల్సిందే. లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలవాలి. ఆ పిలుపు పచ్చిక దాటి వచ్చి తమను తాకాకే వాళ్ళు అడుగు వేస్తారు. పెళ్ళికి వచ్చినా, చావుకు వచ్చినా, ఏళ్ళ తరబడి వాళ్ళను లోపలికి తెచ్చింది అత్తయ్య గొంతే. ఆమెతో పాటు పిలిచే ఇంకొకామె కిందటేడు పోయింది.

ఇప్పుడు వచ్చేది అత్తయ్య కడగొట్టు తమ్ముడు, తామతి. ప్రాణాలతో కాదు. రరొటోంగా దీవిలో పెళ్ళి చేసుకుని, చేపల వేట చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. అక్కడే పోయాడు, అక్కడే పూడ్చారు. అతని భార్య తెరెమొఅనా ఆయన ఫోటోను గుండెకు ఆనించుకుని ఆయన పుట్టిన ఊరికి తీసుకొస్తోంది. ఫోటోతో పాటు మనిషీ వస్తాడు. అందుకే ఆయన్నీ పిలవాలి.

"పక్క ఊరి నుంచి ఎవరినైనా రమ్మందామా?" అని అడిగాడు రావిరి మామయ్య.

"నా తమ్ముణ్ణి అరువు గొంతుతో పిలవమంటావా?" అని గుసగుసలాడి, అత్తయ్య కెయితా వైపు చూసింది.

కెయితా చేతిలోని గిన్నె జారింది. పేరడిగితే రెండుసార్లు చెప్పాల్సి వచ్చేంత చిన్న గొంతు ఆమెది.

సాయంత్రాలు వంటింటి వెనక మెట్ల మీద పాఠం మొదలైంది. పిలుపులో మొదట నేర్వాల్సింది 'హఎరె మఇ'. రా, ఇటు రా అని. చిన్న మాటే.

"హైరె మై!" అంది కెయితా.

అత్తయ్య అరచేయి వచ్చి ఆమె గడ్డం కింద ఆనింది. "ఏంటే ఆ తొందర? 'అ' అంటూనే 'ఇ' దగ్గరికి పరిగెత్తావు. బస్సు పోతోందా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అత్తయ్యా?"

"ఎలా ఉంటాయే? 'హఎ' అన్నప్పుడు నోరు 'ఎ' దగ్గర ఆగాలి. అంటే తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు. 'మఇ'లో చివరిదాకా వెళ్ళి 'ఇ' దగ్గర మూస్తావు, మనిషి లోపలికొచ్చేశాక. నువ్వు రెండుసార్లూ మొహం మీదే వేసేస్తున్నావు."

కెయితా మళ్ళీ అంది. అద్దం పట్టుకుని తన నోటినే చూసుకుంది. మొదటి అచ్చు మీద ఊపిరంతా నిలపాలి. రెండోదానికి వెళ్ళేటప్పుడు ఎక్కడ దాటామో వినేవాళ్ళకు తెలియకూడదు. పాకం గరిటె నుంచి జారినట్టు జారాలి. రెండుగా విడదీసి అంటే అత్తయ్య తల అడ్డంగా ఊపేది. ఒకటిగా కలిపేస్తే గడ్డం గిల్లేది.

"తెరెమొఅనా పిన్నికి మన పిలుపు అర్థమవుతుందా?" అని అడిగింది ఒకరోజు.

"ఎందుకవదు? వాళ్ళు 'అఎరె మఇ' అంటారు. వాళ్ళకు 'హ' ఊడిపోయింది. హవాయిలో 'ర' పోయి 'ల' వచ్చింది, 'హఎలె మఇ' అంటారు. హల్లులకేం, పడవలు ఊగినప్పుడల్లా నీళ్ళలో పడిపోయాయి. ఈ అచ్చుల జంటను మాత్రం ఎవరూ ఒడిలోంచి దించలేదు." అంతసేపు మాట్లాడేసరికి ఆమెకు దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "వాడు చిన్నప్పుడు సముద్రంలో ఎంత దూరం పోయినా నేను 'మఇ' అంటే వెనక్కి వచ్చేవాడు," అంది.

శనివారం పొద్దున్నే గోతిపొయ్యి మీద నుంచి పొగ లేచింది. కెయితా నల్లగౌను వేసుకుని, తలకు కవకవ ఆకుల దండ పెట్టుకుని అరుగు మీద నిలబడింది. దండ సరిచేసుకోవడానికి అత్తయ్య లోపలికి వెళ్ళింది.

అప్పుడే గేటు దగ్గర తెల్ల బస్సు ఆగింది. ముదురురంగు కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు దిగి గుంపుగా నిలబడ్డారు. ముందున్న ముసలావిడ ఫ్రేము కట్టిన దేన్నో గుండెకు ఆనించుకుంది.

కెయితా కళ్ళు మూసుకుని పిలిచేసింది.

అత్తయ్య పరుగున వచ్చింది. అప్పటికే పిలుపు పచ్చిక సగం దాటింది. మొదలైన పిలుపును ఎవరూ ఆపకూడదు. రావిరి మామయ్య చేతిలో పారతో అలాగే నిలబడిపోయాడు. ఎందుకంటే వచ్చింది పక్క పట్నంలో పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బువాళ్ళు. ఆవిడ గుండెల మీద ఉన్నది ముందురోజు వాళ్ళు గెలిచిన షీల్డు. దారిలో బాత్రూం ఎక్కడుందో అడుగుదామని ఆగారు.

పిలిచాక వెనక్కి పంపడమనేది లేదు. వాళ్ళు బెదిరిపోయి, టోపీలు తీసి, మెల్లగా నడిచొచ్చారు. రావిరి మామయ్య నవ్వకుండా స్వాగతం చెప్పాడు. ఆచారం ప్రకారం అందరితో ముక్కూ ముక్కూ ఆనించాడు. షీల్డు ఆవిడ కెయితా దగ్గరికి వచ్చి, "నన్ను ఇంత బాగా ఎవరూ పిలవలేదమ్మా. ఇంతకీ బాత్రూం ఎటు?" అంది.

"అయిపోయింది అత్తయ్యా. పాడుచేసేశాను. 'హైరె మై' అనే అన్నానా?" కెయితా మొహం కందిపోయింది.

"అలాగే అన్నావు. తలుపులన్నీ ధడేల్మని వేశావు," అంది అత్తయ్య, భుజాలు కదిలేలా నవ్వుతూ. "అయినా వచ్చేశారు, పాపం. భయం వాళ్ళతో పోయింది కదా? ఇప్పుడు నా తమ్ముణ్ణి పిలువు."

రెండో బస్సు వచ్చేసరికి బౌల్స్ క్లబ్బువాళ్ళు ఇంటివాళ్ళలో కలిసిపోయి, ఇటువైపే వరుసగా నిలబడ్డారు. గేటు అవతల తెల్ల పూలదండలు. నడిమధ్య తెరెమొఅనా పిన్ని.

కెయితా ఊపిరి తీసుకుంది. 'హఎ' అంది. నోరు తెరిచే ఉంది, గొంతు పచ్చిక మీదుగా సాగింది, గుంపు కదిలింది. తాతలను పిలిచింది, వాళ్ళ దీవిని పిలిచింది. చివర, పేరు పెట్టి, తామతిని పిలిచింది. చివరి 'మఇ'లో 'అ' మీద నిలిచింది.

అప్పుడు ఫోటో కనిపించింది. తామతి బాబాయి ముందుపన్ను లేకుండా నవ్వుతున్నాడు. సిడ్నీ వచ్చినప్పుడు ఆమెకు ఈత నేర్పింది ఆయనే. 'అ' గాలిలో ఉంది, 'ఇ' దాకా వెళ్ళడానికి ఊపిరి లేదు. తెరెమొఅనా అడుగు ఆగింది. ఫోటో గేటుకు అవతలే నిలిచింది.

పిలిచేవాళ్ళ గొంతు ఆగిపోతే పక్కనున్నావిడ అందుకోవాలి. పక్కనున్నది అత్తయ్య ఒక్కతే.

ఆమె నోరు తెరిచింది. 'ఇ' వచ్చింది. సన్నగా, గరుకుగా, అంచులు చిరిగిపోయి. ఆ అచ్చుకు పెద్ద గొంతు అక్కర్లేదు. ఆమె దగ్గరున్నదంతా దానికి సరిపోయింది. ఎక్కడ కెయితా ఆగిందో, ఎక్కడ అత్తయ్య అందుకుందో గేటు దగ్గరివాళ్ళకు తెలియలేదు. ఒక్క పిలుపే విన్నారు. తెరెమొఅనా కదిలి, తన దీవి మాటలో బదులు పిలుస్తూ లోపలికి నడిచింది.

భోజనాలయ్యాక కెయితా పెద్ద ఇంట్లోకి తొంగిచూసింది. గోడ వారన పరుపు మీద ఫోటో. ఒకవైపు తెరెమొఅనా కునుకు తీస్తోంది. ఇంకోవైపు అత్తయ్య.

"చివర నాకు అందలేదు అత్తయ్యా."

"అందకపోవడమే మేలయింది." గుసగుస కూడా ఇప్పుడు సగమే ఉంది. "లేకపోతే వాడు నేను పిలవకుండానే వచ్చేసేవాడు."

ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. కెయితా చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చుంది.