వెనక్కి తిప్పిన వేడి

ఏసీకి రెండు ముక్కలుంటాయి. ఇంట్లో గోడకుండేది చల్లగాలి ఇస్తుంది కాబట్టి దాన్ని అందరూ ముద్దు చేస్తారు. బయట గోడకు వేలాడే డబ్బా ఆ ఇంట్లో వేడినంతా లాక్కొచ్చి వీధిలోకి ఊదుతుంది, దాని మొహం ఎవరూ చూడరు. దాన్ని మేం అవుట్‌డోర్ అంటాం. ఏసీలు బిగించేవాణ్ణి కాబట్టి నా బతుకంతా దానితోనే తెల్లారుతోంది. మా బావ నన్ను గాలిగాడు అని పిలిచేది అందుకే.

బావ అంటే మా అక్క మొగుడు. సిటీ బస్సు నడిపేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయింది గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. కింది అంతస్తులో ఒకటే గది వాళ్ళది. తలుపు తీస్తే మెట్ల కింది చీకటి, కిటికీ తీస్తే వెనక సందు. బావ మంచం ఆ కిటికీ పక్కనే. సందంటే పెద్ద సందేం కాదు, రెండు వరసల మేడలు ఒకదానికొకటి వీపు చూపించుకునే చోటు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. అవతలి మేడ కిటికీలో కాజాల పిన్ని కూర్చుంటుంది. దుకాణాలవాళ్ళ చొక్కాలకు కాజాలు కుట్టి ఇస్తుంది కాబట్టి వెలుతురు కోసం రోజంతా అక్కడే. ఆవిడకూ బావకూ పొద్దస్తమానం వాదనలే. లోకంలో జరిగే ప్రతి తప్పుకూ బస్సు డ్రైవర్లే కారణమని ఆవిడ, కాదు దర్జీలని ఈయన.

కిందటి వేసవిలో ముందున్న పెద్ద రోడ్డు మీద మనుషులు పిట్టల్లా రాలిపోయారు. బస్టాపులో నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే కూలిపోయారు. అప్పుడు కార్పొరేషన్‌వాళ్ళు ఆ రోడ్డును చల్లని దారి చేస్తామన్నారు. మీద నీడ పరదాలు కట్టారు, తొట్లలో చెట్లు పెట్టారు, నీటి తుంపర్లు చల్లే గొట్టాలు బిగించారు. దాంతోపాటు ఒక నిబంధన తెచ్చారు. రోడ్డు మీదకి వేడి ఊదే అవుట్‌డోర్లన్నీ ఎండలు ముదిరేలోపు మేడల వెనక్కి మార్చాలి, మార్చకపోతే కరెంటు కట్. తప్పు పట్టడానికి లేదు. ఆ రోడ్డు మీద నేనూ నడిచినవాణ్ణే. వరసగా డబ్బాలన్నీ మొహం మీద ఊదుతుంటే ఎవడో వెంటపడి ఆవిరి పడుతున్నట్టుండేది. మంచి పనే అనుకున్నాను. ఇప్పటికీ మంచి పనే అంటాను, నా ఒళ్ళు మండేది అందుకే.

అక్క వాళ్ళ వరస మేడల డబ్బాలు మార్చే పని మా షాపు ఓనరుకే వచ్చింది.

"వెనకంతా ఖాళీయే కదా, చకచకా కానిచ్చెయ్," అన్నాడు.

"ఖాళీ ఏంటి సార్, అక్కడ మనుషులుంటారు."

"ఉంటే కిటికీలు మూసుకుంటారు. నీకు కష్టంగా ఉంటే చెప్పు, ఇంకొకణ్ణి పంపిస్తా."

ఇంకొకడు వస్తే అక్క కిటికీకి ఎదురుగానే బిగించి పోతాడు. అదే నేనైతే కాస్త ఎత్తులో పెట్టొచ్చు, మొహం పక్కకు తిప్పొచ్చు. అలా అనుకునే ఒప్పుకున్నాను. తాడు కట్టుకుని, వేలాడుతూ, ఒక్కో డబ్బానీ చంటిపిల్లలా ఎత్తుకెళ్ళి బిగించాను. నేను డ్రిల్లు పట్టుకుని గోడకు వేలాడుతుంటే కింద కిటికీలోంచి బావ గొంతు వినబడేది.

"ఏరా గాలిగాడా! ఊరందరి వేడీ మోసుకొచ్చి అక్క గుమ్మంలో పోస్తున్నావా? పుట్టింటి కానుకా?"

"కట్నం బాకీ ఉన్నాంగా బావా, ఇలా తీర్చుకుంటున్నాం."

"వడ్డీతో సహా ఇచ్చావురా!" అని ఒకటే నవ్వు. పిన్ని కూడా సూది ఆపి నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. పైకి చూసి డబ్బాలు లెక్కపెట్టబోయి, మధ్యలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. నేను ఎత్తులో పెట్టడమూ, మొహం పక్కకు తిప్పడమూ ఏ మూలకీ సరిపోలేదు. గాలి ఆడని సందులో వేడి ఎక్కడికి పోతుంది? గోడలు తాగినంత తాగి, సాయంత్రమయ్యేసరికి కక్కడం మొదలుపెట్టేవి. కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. మూస్తే ఊపిరాడదు, తెరిస్తే సెగ. అక్క తడిగుడ్డ పిండి బావ ఒంటి మీద వేసేది, అది ఆరిపోయేలోపు ఇంకోటి. ఆ పనిలో పడి తను తినడం మానేసిందని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. బావ వాదనలు తగ్గాయి. పిన్ని అటునుంచి కావాలని డ్రైవర్లను తిట్టినా "ఊఁ" అని ఊరుకునేవాడు.

డాక్టరు వచ్చి చూశాడు. నన్ను బయటికి పిలిచి, "ఈయన్ని చల్లటి చోట ఉంచండి. ఈ గదిలోనే ఉంచితే ఈ వేసవి దాటడు," అని మొహం మీదే చెప్పాడు.

"ఆసుపత్రిలో చేర్చుకోండి మరి," అన్నాను.

"వడదెబ్బ తగిలినవాళ్ళకే మంచాలు చాలట్లేదయ్యా. తగలబోయేవాళ్ళకు ఎక్కడినుంచి తెమ్మంటావు?"

మా ఇంటికి తీసుకుపోదామంటే మాది ఆఖరి అంతస్తు, పైన రేకులు. మా ఆవిడా పిల్లలూ పగలంతా మెట్ల మీదే కూర్చుంటున్నారు. కార్పొరేషన్‌వాళ్ళు బడిలో చల్లని గది తెరిచారంటే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం. అక్కడ ఉన్నవి కుర్చీలే, మంచాలు లేవు. బావ కుర్చీలో నిలవలేక పక్కకు ఒరిగిపోతుంటే అక్క భుజం ఆనించి అలాగే కూర్చుంది. సాయంత్రానికి గది మూసేశారు. అప్పుడే మా సందు బాగా మండే వేళ. తిరిగి వస్తుంటే బావ, "ఇంకెప్పుడూ నన్నలా ఊరేగించొద్దురా," అన్నాడు.

వార్డు ఆఫీసుకు వెళ్ళి అరిచాను. ఏదో ఒక గొడవ చేసి రావాలనే వెళ్ళాను. కానీ అక్కడి ఇంజనీరు మేడమ్ నా మాట పూర్తిగా విని, మర్నాడే తనే సందులోకి వచ్చింది. వేడి కొలిచే పరికరం చాచి పట్టుకుంది. అంకె చూసి, అద్దం తుడిచి మళ్ళీ చూసింది.

"ముందు రోడ్డు మీద ఈ ఏడు ఒక్కరు కూడా పడిపోలేదు. అది నిజం," అంది. "ఇదీ నిజమే."

"అయితే ఏం చేద్దామంటారు? ఊడదీసి మళ్ళీ ముందుకు బిగించమంటారా?"

"బస్టాపులో నిలబడేవాళ్ళ సంగతి?"

"పోనీ డాబా మీదకి ఎక్కిస్తే?" అన్నాను.

"ఈ పాత మేడలు ఆ బరువు మోయవని రిపోర్టు వచ్చింది. దీనికి వేరే నిబంధన తయారుచేస్తున్నాం. వచ్చే వేసవికల్లా వస్తుంది."

"మా బావకు ఈ వేసవి గడవాలి కదండీ."

ఆవిడ చెమట తుడుచుకుని, "మా అమ్మ ఉండేదీ ఇలాంటి సందులోనే," అని మాత్రం అని వెళ్ళిపోయింది. కసురుకుని ఉంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలని కడుపుమంట చల్లార్చుకునేవాణ్ణి.

ఇక మిగిలింది ఒకటే దారి. ఎవరో తీసి పారేసిన పాత ఏసీ ఒకటి మా షాపులో పడి ఉంది. దాన్ని అడిగి తెచ్చుకుని, విప్పి, కడిగి, గ్యాసు నింపి బాగుచేశాను. గదిలో పెట్టడానికి గోడ ఉంది. కానీ బయటి డబ్బా పెట్టాలంటే ఉన్నది కిటికీ పక్క జానెడు గోడే. అక్కడ పెడితే అది ఊదేది తిన్నగా కాజాల పిన్ని మొహం మీదకే.

అడగడానికి అవతలి మేడలోకి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి నసుగుతుంటే పిన్నే అందుకుంది.

"తెలుసులే, మీ అక్క నిన్ననే చెప్పింది. పెట్టుకో నాయనా."

"సెగంతా నీ మీదకే వస్తుంది పిన్నీ."

"నేను కుర్చీ లోపలికి జరుపుకుంటా."

"లోపల చీకటి కదా, కాజాలెలా కుడతావు?"

"లైటేసుకుంటా. ఆ మనిషి నోరు మూతబడితే నాకు తిట్టడానికి ఎవరున్నారు చెప్పు?" అంది. అని దారం పళ్ళతో తెంపి, తల తిప్పేసుకుంది. నాకు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది, సిగ్గేసి మానేశాను.

బిగించి స్విచ్ వేశాను. గది చల్లబడుతుంటే అక్క తలుపు చాటుకెళ్ళి ఏడ్చింది. బావ ఆ పూటంతా నిద్రపోయి, లేచి, మొదటి మాటగా, "ఇన్నాళ్ళకు బామ్మర్ది అనిపించుకున్నావురా," అన్నాడు. రెండో మాటగా, "ఆవిడ కిటికీ ఎందుకు మూసి ఉంది?" అని అడిగాడు. ఆయనే అర్థం చేసుకున్నాడు. "ఆపెయ్‌రా దాన్ని," అన్నాడు. "నువ్వూరుకో," అని అక్క రిమోట్ తీసి నడుముకు దోపుకుంది. కాసేపటికి తనే వెళ్ళి పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పట్నుంచి పిన్ని పగలంతా మా వాళ్ళ గదిలోనే, మంచం కాళ్ళ దగ్గర చొక్కాలేసుకుని కూర్చునేది. డ్రైవర్ల మీదా దర్జీల మీదా మళ్ళీ వాదనలు మొదలయ్యాయి. కొన్నాళ్ళు ఆ గదిలో అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది.

కానీ ఆ కొత్త డబ్బా సెగ పిన్ని ఇంటికే పరిమితం కాదుగా. పిన్ని పై వాటాలో పచ్చి బాలింత ఉంది. తమకూ ఏసీ పెట్టమని వాళ్ళు నా దగ్గరికొచ్చారు. వాళ్ళ పక్క వాటాలో ఊపిరి ఆడని ముసలాయన, వాళ్ళూ వచ్చారు. ఏ మొహం పెట్టుకుని కాదనను? మా వాళ్ళకి పెట్టుకుని మీకు వద్దంటానా? ఇద్దరికీ బిగించాను. దాంతో మిగతా కిటికీలవాళ్ళకు ఉక్క పట్టలేనంతైంది. వాళ్ళు మా ఓనరుకు ఫోన్లు చేశారు, కార్పొరేషన్ కూడా తక్కువ కరెంటు తినే ఏసీలు కొనేవాళ్ళకు రాయితీ ఇచ్చింది. అది కూడా మంచి ఉద్దేశంతోనే. నేను తాడు కట్టుకుని మళ్ళీ గోడకు వేలాడాను. పని అయ్యేసరికి పై నుంచి కింద దాకా సందు నిండా డబ్బాలే, ఒకదాని మొహంలోకి ఒకటి ఊదుకుంటూ.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఏసీ ఆగిపోయిందిరా. మీ బావ అదోలా ఉన్నాడు, తొందరగా రా."

పెద్ద రోడ్డు మీంచి పరిగెత్తాను. పరదాల నీడలో జనం తాపీగా నడుస్తున్నారు, తుంపర్ల కింద ఎవరో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. మేడ పక్కనుంచి సందులోకి తిరగ్గానే మొహం మీద కొట్టినట్టైంది. అవుట్‌డోర్ మూత విప్పి చూశాను. గ్యాసు సరిగ్గా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కంప్రెసర్ బాగుంది. దానికి ఏ రోగమూ లేదు. అది వేడిని బయటికి వదలాలంటే బయట గాలి కాస్తయినా దాన్ని పుచ్చుకోవాలి. సందులో గాలి ఎంత వేడెక్కిందంటే ఇక పుచ్చుకోలేదు. అప్పుడు మిషను మాడిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. అలా ఆగేట్టు చేసి పెట్టారు.

బకెట్టుతో నీళ్ళు తెచ్చి దాని మీద పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది. కాసేపు తిరిగి మళ్ళీ ఆగింది. ఇంకో బకెట్టు పోశాను, మళ్ళీ అంతే. తలెత్తి అరుద్దామనుకున్నాను, కాసేపు అందరూ ఆపండయ్యా అని. ఎవర్ని ఆపమనను? బాలింతనా? ఊపిరాడని ముసలాయన్నా? అరిచాను కూడా. పై వాటాలో ఎవరో పుణ్యాత్ములు ఆపారు, ఒక ఫ్యాను నిలిచింది. మిగతా డబ్బాలు హోరుమంటూనే ఉన్నాయి, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, నా గొంతు ఎవరికి వినబడుతుంది? ఆసుపత్రివాళ్ళకు ఫోన్ చేశాను. అంబులెన్సు వస్తుంది, ఎప్పుడో చెప్పలేమన్నారు. ఊళ్ళో అందరికీ ఇవాళే అవసరం పడిందట.

లోపలికి వచ్చాను. అక్క తడిగుడ్డలు మారుస్తోంది. పిన్ని చొక్కా పక్కన పడేసి, అట్టముక్కతో విసురుతోంది. బావ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, ఊపిరి పైపైనే ఆడుతోంది. నన్ను చూడగానే ఆ కళ్ళల్లో భయం పోయింది. నేను వచ్చేశానుగా మరి.

"ఏమైందిరా దానికి?" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

నోటిదాకా వచ్చింది, దానికేం కాలేదు బావా, బాగుచేయడానికి అందులో ఏమీ లేదు అని. అక్క నా మొహంలోకే చూస్తోంది.

"ఏం లేదు. ఒక స్క్రూ వదులైంది, అంతే," అన్నాను.

"చూశావా, నేను చెప్పలా?" అన్నాడు అక్కతో. "మనవాడు చెయ్యి పెడితే అయిపోతుంది."

నేను స్టూలెక్కి గోడ మీది మూత తీశాను. స్క్రూడ్రైవరు పెట్టి ఒక స్క్రూ బిగించాను. అది ముందే బిగించి ఉంది. విప్పి మళ్ళీ బిగించాను. పక్కదీ అంతే. వీపు వాళ్ళవైపు తిప్పి నిలబడ్డాను. నా వెనక పిన్ని విసిరే చప్పుడు, అక్క గుడ్డ పిండే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయిందిరా?" అన్నాడు బావ. గొంతు ఎక్కడో లోపలినుంచి వచ్చింది.

"అయిపోవచ్చింది బావా," అని, బిగించిన స్క్రూనే మళ్ళీ విప్పాను.