ఏడడుగుల ఎత్తు

మా అత్త నంజమ్మకు ఆరు మంచిది, ఏడు చెడ్డది. ఆ లెక్క నాలుగు నెలల పాటు నా నడుము మీద కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

1973 మాఘమాసంలో ఆమె పెరట్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చూపించాం, మహేంద్రమంగళం నుంచి కట్టు కట్టే మనిషిని కూడా పిలిపించాం. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. ప్రాణానికి భయం లేదు, నడక మాత్రం ఇక రాదు. అప్పటికి ఆమెకు డెబ్భై రెండేళ్ళు, నాకు నలభై ఎనిమిది.

మా ఇంట్లో స్నానం చేసే చోటు పెరటి చివర ఉండేది. నాలుగు తడికలు, ఒక బండరాయి, అంతే. వెనక తలుపు నుంచి అక్కడికి ముప్పై ఆరు అడుగులు. కాపురానికి వచ్చిన ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆమెను మోయడం మొదలుపెట్టాక ఆ లెక్క దానంతటదే నోటికొచ్చింది. మా ఇంట్లో పనిచేసే మాదమ్మ కాళ్ళు పట్టుకునేది, నేను చంకల కింద చేతులు వేసి ఎత్తేదాన్ని. వయసు మీద పడితే మనుషులు తేలికవుతారని అనేవాళ్ళు ఎవరూ మా అత్తను ఎత్తి చూడలేదు.

నా భర్త గోవిందరాజు చింతపండు వ్యాపారి. బజారులో నలుగురిలో ఆయన గొంతు ఖంగుమంటుంది. తల్లి ముందు మాత్రం పెగలదు. అయినా ఒకరోజు నేను నడుం పట్టుకుని గోడకు ఆనుకోవడం చూసి, తనంతట తానే అన్నాడు.

"చింతపండు అర్రను నీళ్ళ అర్రగా మార్చేద్దాము. అమ్మ మంచం పక్కనే కదా. నాలుగు అడుగులు ఎత్తుకుంటే చాలు."

పెళ్ళయ్యాక ఆయన నాకు చెప్పిన మంచి మాటల్లో అది రెండోది. మొదటిది ఏదో గుర్తులేదు.

మేస్త్రీ కరుప్పుసామి వచ్చి కొలిచాడు. అర్ర మీద చెక్క అటక ఉంది, దాన్ని మోసే దూలాలు గోడలోకి దిగి ఉన్నాయి. వాటిని కదిపితే మట్టిగోడ, పైనున్న పెంకులు అన్నీ కలిసి వస్తాయన్నాడు. కనుక కప్పు జోలికి పోకూడదు. నేల నుంచి దూలం అడుగు వరకు సరిగ్గా ఏడు అడుగులు. సిమెంటు పూసి, మూలన తొట్టి కట్టి, నీళ్ళు పోవడానికి పైపు పెడితే పని అయిపోతుందన్నాడు.

"ఎంతన్నాడు?" అని మంచం మీద నుంచి అత్త కేక వేసింది.

"ఏడడుగులు అమ్మా," అన్నాడు నా భర్త.

"ఏడా? ఒద్దు!"

మా వైపు పాతకాలం ఇళ్ళు మనయడి లెక్కతో కట్టినవే. అర్ర ఎన్ని అడుగులు ఉంటే ఏం ఫలం అనేది ఆ లెక్క చెబుతుంది. దాన్ని పుస్తకం చూసి చెప్పేవాళ్ళున్నారు. మా అత్త తన తండ్రి దగ్గర నోటితో నేర్చుకుంది. మా వీధిలో ఎవరు కొత్తగా గోడ లేపినా ముందు ఆమెను అడిగి వెళ్ళేవాళ్ళు. పొడవూ వెడల్పులకే చూసేవాళ్ళు ఎక్కువ. ఆమె ఎత్తుకూ చూసేది.

"ఆరు అయితే ఇల్లు నిలుస్తాది. ఏడు అయితే ఇంటి మగోడికి చేటు. ఎనిమిది అయితే కలిసొస్తాది. మా నాయన అట్లే చెప్పినాడు. ఇన్నాళ్ళూ అది చింతపండుకు కాబట్టి ఊరుకున్నాను. మనుషులు మసలే చోట ఏడు పెట్టనీయను."

ఎనిమిది చేద్దామంటే నేలను అడుగు లోతు తవ్వాలి. అప్పుడు నేల వీధి కాలువ కన్నా కిందికి పోతుంది, కాలువ నీళ్ళే ఇంట్లోకి వస్తాయన్నాడు కరుప్పుసామి. ఇక మిగిలింది ఆరు. నేలను ఒక అడుగు లేపాలి. వాలు కూడా బాగా కుదురుతుందని అతనికీ సంతోషమే. మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి, పైన నల్లరాయి పరిచి, సిమెంటు పూశాడు. పని ముగిశాక లోపలికి వెళ్ళి చూశాం. నా తల దూలానికి తగల్లేదు. నా భర్త మెడ వంచుకుని నిలబడ్డాడు. ఆయన మెడ ఆ ఇంట్లో ఎలాగూ వంగే ఉంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. చల్లగా, నున్నగా ఉన్న ఆ నేలను చేత్తో తడిమి చూశాను. ఇంకో రెండు రోజులు ఓర్చుకో అని నా నడుముకు చెప్పుకున్నాను.

వీధి కాలువలో పైపు కలపాలంటే మునిసిపాలిటీ ఓవర్సీరు సంతకం కావాలి. ఆయన పేరు రంగనాథన్. సైకిల్ మీద వచ్చాడు, మా తమిళ ఊళ్ళో అందరిలాగే తమిళంలో పలకరించాడు. నేను మాదమ్మను కేకేస్తే విని, "మీరూ మన మాటేనా? మాది కంబైనల్లూరు," అన్నాడు తెలుగులో. మా అత్త ముఖం వెలిగింది. ఆయన తాతల ఊరూ పేరూ అడిగి, ఏదో దూరపు చుట్టరికం కూడా కలిపేసింది. కాఫీ ఇచ్చాను. ఇక సంతకం పడ్డట్టే అనుకున్నాను.

ఆయన కాఫీ తాగి, జేబులోంచి టేపు తీసి దూలం అడుగు నుంచి నేల వరకు జార్చాడు. ముఖం మారింది.

"ఏమన్నా, ఆరే ఉండాదే? నీళ్ళ అర్ర ఎత్తు ఏడడుగులకు తగ్గకూడదని రూలు."

"మా అమ్మ నిలబడేదే లేదు కదప్పా," అన్నాడు నా భర్త. "పీట మీద కూర్చొని పోసుకుంటాది. ఆమె కూర్చుంటే మూడడుగులు కూడా లేదు."

"అమ్మ కూర్చుంటాదని రూలులో రాయలేదు కదన్నా. రేపు ఇంకొకరు వచ్చి నిలబడతారు. ఆవిరి, పొగ, గాలాడేది అంతా చూసి పెట్టిన రూలు. నేను సంతకం పెడితే నా ఉద్యోగం పోతాది."

"ముందు ఏడే ఉండె," అన్నాను నేను ఆపుకోలేక.

ఓవర్సీరు నా వైపు తిరిగాడు. "ఏడుండె? మరి ఎందుకమ్మా తగ్గించినారు?"

నా భర్త తల్లి మంచం వైపు చూశాడు. చట్టం కోరిన ఎత్తు మా ఇంట్లో పుట్టుకతోనే ఉంది. బండి మట్టి తోలించి మరీ దాన్ని పూడ్చుకున్నాం. ఇంతటి తెలివితక్కువ పని మా వాళ్ళు తప్ప ఎవరు చేస్తారు? ఆయన సైకిల్ ఎక్కేముందు మెల్లగా చెప్పాడు, నేల మళ్ళీ తవ్వించండి, ఏడు కాగానే కబురు పెట్టండి, అదే రోజు వచ్చి సంతకం పెడతాను అని. మంచి మనిషే. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు.

ఆ రోజు నుంచి మొదలైంది. తవ్విద్దాం అని నేను, అమ్మను అడుగుతాను అని ఆయన, వద్దు అని ఆమె. పైపు కలపని నీళ్ళ గదిలో నీళ్ళు పోస్తే ఎక్కడికి పోతాయి? తలుపు మూసి పెట్టాం. చింతపండు బుట్టలు ఒక్కొక్కటిగా మళ్ళీ అందులోకి చేరాయి. నేనూ మాదమ్మా మళ్ళీ పెరటి దారి పట్టాం. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. ఎండకు బండరాయి కాలేది. దాని మీద ముందు రెండు చెంబులు పోసి చల్లార్చి, అప్పుడు ఆమెను దింపేదాన్ని. ఆషాఢం వచ్చేసరికి పొద్దున్నే వంగితే నా నడుము మళ్ళీ లేచేది కాదు. గోడ పట్టుకుని, కిటికీ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టుగా నిటారయ్యేదాన్ని.

ఒకరోజు భర్తతో గట్టిగానే అన్నాను. "ఏడడుగులు మగోడికి చేటంటే మీకు భయం. ఈ ముప్పై ఆరు అడుగులు ఎవరికి చేటు? నేను ఈ ఇంటి మనిషిని కాదా?"

"నాకేమి భయం లేదు సౌభాగ్యం. అమ్మ ఏడుస్తాది."

"నేను ఏడవనని మీకెవరు చెప్పినారు?"

ఆయన చెప్పులు వేసుకుని మండీకి పోయాడు. మా మాటలు మంచం వరకు వినబడే ఉంటాయి. ఆ పూట అత్త ముఖం చూడకుండానే అన్నం కలిపి నోటికి పెట్టాను, ఆమె తిన్నది. అంతగా విసిగిపోయి ఉన్నాను. ఆ మనిషి మీద నాకు ప్రేమ ఉందో లేదో కూడా ఆ రోజుల్లో తెలియలేదు.

శ్రావణంలో ఒక ఉదయం సన్నగా వాన పడి వెలిసింది. పెరడంతా బురద. స్నానం అయ్యాక ఆమెకు చీర చుట్టి ఎత్తుకుని వెనక్కి వస్తున్నాం. సగం దారిలో మాదమ్మ కాలు జారింది. బరువంతా ఒక్కసారిగా నా మీదకు వచ్చింది. నడుములో ఏదో తెగినట్టు అయింది. కింద పడుతూ ఆమెను నా ఒడిలోకి లాక్కున్నాననుకుంటా, ఆమెకు దెబ్బ తగల్లేదు. నేను మాత్రం వెల్లకిలా పడిపోయాను. కాళ్ళు కదపబోతే రాలేదు. మాదమ్మ ఎవరినైనా పిలుచుకొస్తానని వీధిలోకి పరుగెత్తింది.

అత్తాకోడళ్ళం ఇద్దరం బురదలో పక్కపక్కన పడి ఉన్నాం. నేను అరవలేదు. ఏడ్చాను. సిగ్గు లేకుండా, ముక్కు కారుతూ చిన్నపిల్లలా ఏడ్చాను.

"నాకు చేత కాదత్తా. ఇంక నాకు చేత కాదు. మీరు నన్ను ఏమైనా అనుకోండి."

ఆమె చెయ్యి బురదలో వెతుక్కుంటూ వచ్చి నా మోచేతిని పట్టుకుంది. మాదమ్మ ఇద్దరు మనుషులను తీసుకుని వచ్చేవరకు అలాగే పట్టుకుని ఉంది.

మధ్యాహ్నం నా భర్త పరుగున వచ్చాడు. నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టి మాదమ్మ ఆముదం రాస్తోంది. అత్త తన మంచం దగ్గరికి ఆయన్ను పిలిచింది.

"ఒరే గోవిందూ, కరుప్పుసామికి చెప్పి పంపు. నేల తవ్వేయమను. ఏడు పెట్టుకోండి."

"అమ్మా, ఏడంటే..."

"ఆ లెక్క మనుషులు పడుకునే అర్రలకురా. నీళ్ళ అర్రకు లెక్క లేదు. మా నాయన అది కూడా చెప్పి ఉండె. నేనే మరిచిపోయినాను. ముసలిదాన్ని అయినాను కదా."

ఆయన ముఖం తేటపడింది. అంత సులువుగా నమ్మేశాడు, నమ్మాలని ఉంది కాబట్టి. నేను నమ్మలేదు. ముప్పై ఏళ్ళ కిందట నా పెళ్ళికి ఏ చుట్టం ఏ రంగు చీర పెట్టిందో చెప్పగలిగే మనిషి ఆమె. తండ్రి చెప్పిన లెక్కలో ఒక్క ముక్క కూడా మరిచిపోదు. తలెత్తి ఆమె వైపు చూశాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

కరుప్పుసామి వారం రోజుల్లో తాను వేసిన రాయిని తానే పెకలించాడు. పోసిన మట్టినంతా ఎత్తి, కొత్త సిమెంటు మందం కోసం ఇంకో మూడు అంగుళాలు లోతు తీశాడు. ఇల్లు వీధి కన్నా మెట్ల ఎత్తున ఉండటం వల్ల, ఆ మూడు అంగుళాలు పోయినా నీళ్ళు కాలువలోకి దిగేపాటి వాలు మిగిలింది. రంగనాథన్ వచ్చి టేపు జార్చాడు. ఏడడుగులు, దాని మీద వెంట్రుకవాసి. నవ్వుతూ సంతకం పెట్టి, అత్తకు దండం పెట్టి వెళ్ళాడు. పైపు కలిపారు.

మరుసటి శుక్రవారం మొదటి స్నానం. నేను అప్పటికి లేచి తిరుగుతున్నాను, బరువు మాత్రం ఎత్తకూడదు. మాదమ్మ, ఇంకొకామె కలిసి అత్తను నాలుగు అడుగుల్లో లోపలికి చేర్చి పీట మీద కూర్చోబెట్టారు. నీళ్ళు నేనే పోస్తానన్నాను. వాళ్ళు బయటికి పోగానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. సబ్బు కోసం కాదు, ఇంకా సబ్బు పెట్టనే లేదు. వేడినీళ్ళు మొదటి చెంబు భుజం మీద పోశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. వంగి చెవి పెట్టాను.

"నా బిడ్డకు ఏమీ కాకూడదు స్వామీ. చేటు ఏదైనా ఉంటే నా నెత్తిన వెయ్యి. అబద్ధం చెప్పింది నేను. వాడికి తెలియదు."

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. కన్న కొడుక్కి చేటు అని ఆమె నిజంగానే, ఈ క్షణానికీ నమ్ముతోంది. నమ్ముతూనే ఒప్పుకుంది, నా కోసం. నాలుగు నెలలుగా ఆమెను మనసులో నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

ఆమె కళ్ళు తెరవకుండానే తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"సౌభాగ్యం, నడుము ఎట్లుండాది?"

వంగి ఉన్నానేమో, నొప్పి ఎముకలోకి దిగుతోంది. లేవడానికి తొట్టి అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

"బాగైపోయింది అత్తా," అని చెప్పి, ఇంకో చెంబు పోశాను.