జాతరలో తప్పిపోయిన పాప

శంషాబాద్ దవాఖానలో డాక్టరు మామూలుగానే అడిగాడు. "మీ అమ్మకో నాన్నకో గుండెజబ్బు ఉండేదా అమ్మా?"

బల్ల మీద పడుకున్న సక్కుబాయి పైకప్పు వంక చూస్తూ, "నాకెవ్వలు లేరు సారూ. నాలుగేండ్ల పిల్లనప్పుడు టేషన్ల పారేసి పోయిన్రు," అంది.

పక్కనే నిలబడ్డ కూతురు సునీతకు అది కొత్త మాట కాదు. పెళ్ళింట్లోనైనా చావింట్లోనైనా, పుట్టింటి ప్రస్తావన వస్తే చాలు, అమ్మ నోట అదే ముక్క. శంషాబాద్‌ను ఆనుకునే ఉన్న ఉందానగర్ రైల్వే స్టేషనులో ఏడుస్తున్న పిల్లను, స్టేషను వెనకే ఉండే కుర్మయ్య అనే రైతు ఇంటికి తెచ్చుకున్నాడు. పేరడిగితే సక్కు అందట. ఊరు చెప్పలేకపోయింది. ఆయన పోలీసు పటేలుకు చెప్పాడు, తెలిసినచోటల్లా వాకబు చేశాడు. ఎవరూ రాలేదు. కన్నబిడ్డలాగే పెంచి పెళ్ళి చేశాడు. అయినా సక్కుబాయి గుండెలోని ఆ మంట చల్లారలేదు.

ఈసారి మాత్రం ఆ మాట సునీతను నిద్రపోనివ్వలేదు. ఎయిర్‌పోర్టు కార్గోలో ఆమెకు ఉద్యోగం. సెలవు దొరికిన రోజల్లా ఆరాంఘర్‌లో బస్సు మారి సిటీకి పోవడం మొదలుపెట్టింది. జనాభా లెక్కల్లో అందరి పేర్లూ ఉంటాయని, సక్కు అనే పిల్ల ఏ ఇంట్లోనో దొరుకుతుందని ఆమె ఆశ. లైబ్రరీలో కలిసిన జోగారావు ఆ ఆశ తీసేశాడు. లెక్కల ఆఫీసులోనే పనిచేసి రిటైరైన కోస్తా మనిషి ఆయన.

"పేర్లు బయటపెట్టరండీ. ఊళ్ళో మొత్తం ఎంతమంది, అందులో ఆడవాళ్ళెంతమంది, అంతవరకే పుస్తకాల్లో ఉంటుంది. ఇంతకీ ఏ సంవత్సరం?"

"నెహ్రూ సచ్చిపోయిన ఏడు సార్. దీపావళి అయినంక దొరికిందని మా తాత చెప్తుండె."

"అయితే ఆ రోజుల నాటి పేపర్లు చూడండి. పిల్ల తప్పిపోతే ఎవరో ఒకరు వేయించి ఉంటారు."

"పారేసినోళ్ళు పేపర్ల ఏపిస్తరా సార్?"

జోగారావు కౌంటరు దగ్గరికి నడిచాడు. పాత పేపర్ల కట్టలు తెప్పించి ఆమె ముందు పెట్టించాడు.

ముట్టుకుంటే పొడి రాలే కాగితాలు. ధాన్యం ధరలు, సినిమా ప్రకటనలు, మంత్రుల పర్యటనలు. అవన్నీ దాటుకుంటూ పోగా ఒక పేజీ అడుగున, అగ్గిపెట్టంత జాగాలో కనబడింది.

"కురుమూర్తి జాతరలో పాప తప్పిపోయినది. పేరు సక్కుబాయి. వయస్సు నాలుగేండ్లు. ఎడమ మోచేతిపై కాలిన మచ్చ గలదు. తల్లి అన్నం ముట్టుట లేదు. ఆచూకీ తెలిసినవారు మహేశ్వరం దగ్గర మోదుగుగూడ నివాసి ఎల్లయ్యకు తెలుపగలరు."

చిన్నప్పుడు తనకు తల దువ్వే అమ్మ చేతి మీద ఆ మచ్చను సునీత వేలితో రుద్ది చూసేది. ఆమె కాగితం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పారేయలేదు. వెతికారు.

జోగారావు ఆ ఊరి లెక్కలు తీశాడు. అరవై ఒకటిలో ఓ యాభై గడపల పల్లె. అందులో ఆడవాళ్ళ అంకె మీద సునీత వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ అంకెలో అమ్మ ఉంది, అమ్మను కన్నతల్లీ ఉంది. కొత్త పుస్తకంలో అదే ఊరి పేరుకెదురుగా సున్నా.

"ఇలాంటిదాన్ని రెవెన్యూలో బేచిరాగ్ అంటారమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "అంటే దీపం పెట్టేవాళ్ళు లేని ఊరు."

సునీత మహేశ్వరం పోయింది. మోదుగుగూడ ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్ళు, ఆ వెనక ఏదో ఫ్యాక్టరీ గోడ. టీకొట్టులో అడిగితే, ఎల్లయ్య చిన్నబిడ్డ రాములమ్మ అత్తాపూర్‌లో కిరాయికుంటుందని చెప్పారు.

రాములమ్మ తలుపు తీసింది. అమ్మ ముఖమే. అమ్మ ఉందానగర్‌లో దొరికిన సంగతి సునీత వాకిట్లోనే చెప్పింది.

"అక్క బతికే ఉన్నదా?" అని రాములమ్మ గడపలోనే కూలబడింది. "నేను అక్క పోయినంక పుట్టిన. అవ్వ పోచమ్మ మొన్నమొన్నటిదాక బతికింది బిడ్డా. కరోనాల పోయింది. కాళ్ళు ఆడినన్నాళ్ళు ఏటేటా దీపావళి అయినంక రైలెక్కి కురుమూర్తి జాతరకు వోయేది. గాడ్నే తప్పిపోయింది గద, గాడ్నే దొరుకుతదని. ఇంత దూరం రైలెక్కి తానే తిరిగొచ్చిందని ఎవలనుకుంటరు?"

"అమ్మమ్మ ఏడ ఎక్కేది రైలు?"

"ఉందానగర్ల. ఇంకేడ?"

ఇంటికి వచ్చి సునీత అన్నీ చెప్పింది. అమ్మమ్మ రైలెక్కే స్టేషను మాట మాత్రం దాచుకుంది. కానీ సక్కుబాయే అడిగింది, "గాళ్ళు కురుమూర్తికి ఎట్ల వోయేటోళ్ళు?"

సునీత లేచి నీళ్ళ చెంబు అందుకుంది.

"చెప్పు బిడ్డా."

"మన టేషన్ల ఎక్కేదట అమ్మా."

సక్కుబాయి గోడ వైపు తిరిగింది. గోడతోనే చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది. "పెండ్లి గాకముందు ప్లాట్‌ఫారం మీద సీతాఫలాలు అమ్మేదాన్ని. జాతరోళ్ళు దిగుతుంటే, ఎక్కుతుంటే, పిల్లలను సంకనేసుకున్న తల్లులను చూస్తే నాకు కడుపుల మంట. మీ పిల్లలను గూడ పారేసి రాండ్రి అని లోపల లోపల తిట్టుకుంటుంటి. గాళ్ళల్ల మా అవ్వ గూడ ఉండె."

"అప్పుడు నీకేం తెలుసమ్మా?"

"ఆమెకు తెల్వదు, నాకు తెల్వదు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "తిట్టుకుంటనే బతికిన బిడ్డా. గదే నాకు బలం. ఇగ ఎవలను తిట్టాలె? ఎందుకు తెచ్చినవ్ ఈ ముచ్చట?"

ఆదివారం రాములమ్మ వచ్చింది. అవ్వ ఫోటో ఒక్కటీ లేదని, ఎప్పుడూ తీయించుకోలేదని సంజాయిషీగా చెప్పింది. అక్క చేయి పట్టుకుని మోచేతి మచ్చను తడుముతూ ఏడ్చింది. సక్కుబాయి ఏడవలేదు. చేయి వెనక్కి తీసుకోనూ లేదు. విమానమొకటి ఇంటి మీదుగా దిగింది.  సునీత పెట్టిన అన్నం సక్కుబాయి ముట్టలేదు; అది కంచంలో అట్లాగే ఎండిపోయింది.