వదులు బోల్టులు

నాచారంలో కడుతున్న ఆ మెలితిరిగిన ఇనుప భవనానికి చివరి దూలం కూర్చోకపోవడానికి కారణం హృషికేశ్. ఇందులో రెండో మాట లేదు.

అందులో నిటారుగా నిలబడ్డ స్తంభం ఒక్కటీ లేదు. అన్నీ పక్కకు వాలి, పైకి పోయేకొద్దీ మెలి తిరుగుతాయి. అలాంటిచోట చుట్టూ వేసే దూలాల్లో ఆఖరిది కూర్చునేదాకా ఏ బోల్టునూ పూర్తిగా బిగించరు. స్తంభాలను తాళ్ళతో లాగి కట్టి, బోల్టులు వదులుగా ఉంచుతారు. ఇనుము తనంతట తానే సర్దుకుంటుంది. మేస్త్రీ ఉప్పలయ్య ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నది అదే.

శనివారం అతను పనికి రాలేదు. బోడుప్పల్‌లోని ఇంట్లో భార్య సాలమ్మ సంవత్సరీకం. ఇదే సైటులో పనిచేసే ఆమె తమ్ముడు రమేష్ కూడా అక్కడే ఉన్నాడు. సెలవిచ్చింది సైటు ఇంజనీరు హృషికేశే. ఆ ఒక్కరోజులో బోల్టులు కదలడం చూసి జడుసుకుని, అన్నీ బిర్రుగా బిగింపజేశాడు. చదువుకున్న భయం, ఎవరినీ అడగదు.

సోమవారం క్రేన్ దూలాన్ని ఎత్తింది. దాని రంధ్రాలు స్తంభం రంధ్రాలకు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి.

“చైన్ పుల్లీ వేసి లాగించు ఉప్పలయ్యా,” అన్నాడు హృషికేశ్.

“లాగితే కూసుంటది సార్. కానీ లోపల గుంజుకుంటనే ఉంటది. రేపు దాని కింద తిరిగేది మీ ఇంటోళ్ళు కాదు గదా.”

“మరేం చేద్దామంటావ్?”

“మీరు బిగిపిచ్చినయన్ని ఇప్పాలె.”

పైనుంచి రమేష్ కేకేశాడు: “బావా, సార్‌కు గూడ ఓ పానా ఇయ్యి! బిగిచ్చుడు మస్తు నేర్సిండు, విప్పుడు గూడ నేర్సుకుంటడు!”

కిందివాళ్ళు నవ్వారు. హృషికేశ్ ఫోన్‌లోకి తల దూర్చాడు.

విప్పడానికి రెండు రోజులు పట్టింది. బుధవారం పొద్దున సుత్తి దెబ్బ పడకుండానే దూలం కూర్చుంది. అప్పుడొచ్చాడు ఓనరు గంగాధరరావు.

“రెండు రోజులు పని ఎందుకాగింది?”

“మేస్త్రీ బోల్టులన్నీ వదులుగా వదిలేసి శనివారం డుమ్మా కొట్టాడండి,” అన్నాడు హృషికేశ్. “నేను చూశాను కాబట్టి సరిపోయింది.”

“ఎక్కడికి పోయావయ్యా?” అన్నాడు ఓనరు.

మేస్త్రీకి ఉన్నది పేరొక్కటే. అది నిలవాలంటే సెలవు ఎందుకడిగాడో చెప్పాలి, సాలమ్మ మాట ఎత్తాలి. ఎత్తితే ఓనరు అయ్యో అంటాడు. హృషికేశ్ కూడా అంటాడు. ఆ నోటి నుంచి వచ్చే అయ్యో ఆమెకు అక్కర్లేదు.

“పనుండి పోయిన సార్,” అన్నాడు ఉప్పలయ్య.

ఓనరు మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. రమేష్ గబగబా దిగివచ్చాడు.

“అక్క ముచ్చట చెప్తే అయిపోతుండె గదా బావా! మాట పడి ఊకున్నవేంది?”

“గంత సిగ్గులేనోని ముంగట మీ అక్క పేరు తీస్తనా? ఈ ముచ్చట నా దగ్గర మళ్ళ ఎత్తకు. నేనైతే సచ్చేదాంక ఎత్త.”