ఒకటి నొక్కండి

“పదిహేడేనా?” అన్నాడు సూపర్‌వైజరు, కుర్చీ వెనకాలే నిలబడి. “పదకొండున్నర దాటింది. రెండింటికల్లా ముప్ఫై రావాలి. నిన్ను చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారనుకున్నా.”

చిలక వెనక్కి తిరగలేదు. తిరిగితే చెవి మీద హెడ్‌ఫోన్ జారుతుంది. దాని స్పాంజి చిరిగి నెల దాటింది, అడిగితే పైకి రాశాం అంటారు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని, హాల్లో అందరికీ చిలకే. రాసిచ్చిన మాటలు పొల్లు పోకుండా, నవ్వు గొంతుతో, రోజుకు నూటయాభై సార్లు అప్పజెబుతుందని ఆ పేరు పెట్టారు. మొదట్లో ముచ్చటగానే ఉండేది. ఈమధ్య ఆ పేరుతో ఎవరు పిలిచినా ఒళ్లు మండుతోంది.

ఆ ముప్ఫై ఏమిటో చెప్పాలి. నీలం బోర్డుల ఫోన్ కంపెనీ ఒకటుంది. దాన్ని వదిలేసి, అదే నంబరుతో ఇంకో కంపెనీకి మారాలనుకునేవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు. పెట్టుకున్న మర్నాడో మూడోనాడో వాళ్లకు ఈ హాలు నుంచి ఫోన్ వెళుతుంది. “మీ దరఖాస్తు వివరాలు మెసేజ్‌గా రావాలంటే ఒకటి నొక్కండి” అని చెప్పాలి. వాళ్లు నొక్కుతారు. మెసేజ్ వస్తుంది కూడా, అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ ఒకటి నొక్కడంతోనే దరఖాస్తును వాళ్లంతట వాళ్లే వెనక్కి తీసుకున్నట్టు కంప్యూటర్లో పడిపోతుంది. షరతుల పుస్తకంలో నలభయ్యో పేజీలో ఈ సంగతి రాసే ఉందట. చదివిన మహానుభావుడు ఇంతవరకూ ఎవరికీ తగల్లేదు. హాల్లో దీన్ని ‘ఒకటి పట్టడం’ అంటారు. నువ్వెన్ని పట్టావంటే నువ్వెన్ని పట్టావని, చేపలు పట్టేవాళ్లలాగే అడుగుతుంటారు.

తర్వాతి కాల్ కలిసింది. అవతల గాలి హోరు.

“హలో... ఎవరండీ? కాస్త గట్టిగా మాట్లాడండి. పైన నీళ్ల ట్యాంకు దగ్గరున్నా.”

“నమస్కారం సార్. నీలం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. మీరు వేరే కంపెనీకి మారాలని...”

“అదేనమ్మా! ఇది మూడోసారి. రెండుసార్లు పెట్టా. రెండుసార్లూ ఏమైందో ఏమో, గాల్లో కలిసిపోయింది.”

చిలక తెర మీదికి చూసింది. రెండుచోట్లా ఒకే ముక్క: ‘వినియోగదారుడే ఉపసంహరించుకున్నారు’. అంటే అంతకుముందు ఈ వరసల్లోనే ఎవరో రెండు ఒకట్లు పట్టారన్నమాట. దాని కింద ఎర్రక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఈ సాయంత్రం ఐదింటితో మూడో దరఖాస్తు గడువు ముగుస్తుంది. అది కూడా పోతే మళ్లీ ఆరునెలల దాకా అడగడానికి వీల్లేదు.

“నాది తాళాల పనమ్మా,” అంటున్నాడు ఆయన. “పద్నాలుగేళ్ల నుంచీ ఇదే నంబరు. ఈ చుట్టుపక్కల మెట్లున్న ప్రతి బిల్డింగులోనూ నా స్టిక్కరుంటుంది. తాళంచెవి పోగొట్టుకున్నవాడు తిన్నగా వచ్చి మూడో మెట్టు మీద కూలబడతాడు. కూర్చున్నవాడి కళ్లకు ఎదురుగా, ఆ ఎత్తులోనే అంటిస్తా. మా వీధిలో మీ టవరు తీసేసిన కాణ్నుంచీ ఫోను మోగితే ఒట్టు. రోజూ పదకొండింటికి ఈ నాలుగంతస్తులూ ఎక్కి, ఎవరెవరు చేశారో చూసుకోవాల్సొస్తోంది. పోయిన వారం ఓ ఇంట్లో పసిపిల్ల బాత్రూంలో గడియపడి ఉండిపోయిందట. ఆరుసార్లు చేశార్ట నాకు. చివరికి తలుపు పగలగొట్టుకున్నారు.”

“అయ్యో, కాస్త ఓపిక పట్టండి బాబాయ్,” అంది చిలక. అది రాసిచ్చిన మాట కాదు. సార్ అనే అనాలి. బాబాయ్ అన్నందుకు రెండుసార్లు జీతంలో కోత పడింది. అయినా పెద్ద గొంతు వినపడితే ఆమె నాలుక మీదికి ఆ పిలుపే వచ్చేస్తుంది.

వెనకాల సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు.

“మీ దరఖాస్తు వివరాలు మెసేజ్‌గా రావాలంటే ఒకటి నొక్కండి,” అంది చిలక.

ఆయన నొక్కాడు. “నొక్కానమ్మా. నీ కడుపు చల్లగుండ. ఇంత మర్యాదగా మాట్లాడినవాళ్లు లేరు నాతో,” అన్నాడు.

తెర మీద పద్దెనిమిది పడింది. అంతలోనే తర్వాతి కాల్ వచ్చేసింది. ఒకరి గురించి బాధపడటానికి ఆ హాల్లో కేటాయించిన సమయం ఎనిమిది సెకన్లు.

మధ్యాహ్నం భోజనాల గదిలో పక్క కుర్చీ అక్క డబ్బా మూత తీస్తూ అడిగింది. “ఎన్ని?”

“ముప్ఫై రెండు.”

“ఇంకేం, శుక్రవారం నీకు పర్మినెంటు కాగితం చేతికొచ్చినట్టే. అలా మొహం వేలాడేశావేం?”

చిలక తాళాల మేస్త్రి సంగతి చెప్పింది. అక్క నములుతూనే వింది. ఆమె ఒకప్పుడు పచ్చ బోర్డుల కంపెనీ దుకాణంలో పనిచేసింది. అప్పట్లో కంపెనీలు మూడు. పచ్చదే చవక. నీలం, నారింజ రెండూ ఏడాదిపాటు దాదాపు ఊరికే మాట్లాడుకోమని జనానికి పంచిపెట్టాయి. పచ్చ కంపెనీ ఆ దెబ్బకు మూతపడింది. మూతపడిన రెండో నెలలోనే, ఒకే రోజున, ఇద్దరూ నూటయాభై నెలకట్టును రెండొందల డెబ్బై చేశారు.

“జనం అప్పుడు మా దుకాణం ముందు గుంపులుగా నిలబడి, పోటీ పెరిగిందని సంబరపడ్డారే,” అంది అక్క. “నేనూ పడ్డాననుకో, మా వాళ్లే మునిగిపోతున్నారని తెలీక.”

“నేను చెప్పాల్సింది కదక్కా ఆయనకి?”

“చెప్పి? ఇంటద్దె నేను కడతానా? నర్సింగు చదివే మీ చెల్లి హాస్టలుకు నేను కడతానా? తిను ముందు.”

అక్క అన్నది నిజమే. పదకొండు వేల జీతం, ఒకట్ల మీద ఇంకో రెండు వేలు. పది నెలలుగా ఆ పర్మినెంటు కాగితం కోసమే చిలక పళ్ల బిగువున నెట్టుకొస్తోంది. తినకుండానే డబ్బా మూసేసింది.

రెండు గంటలకు హాల్లో బెల్లు మోగింది. నూటఇరవై మందీ మెడలోని బ్యాడ్జీలు తిరగేసుకున్నారు. ఒకవైపు నీలం, రెండోవైపు నారింజ. తెరల మీద బొమ్మలు మారాయి, గోడ మీది బోర్డును ఎవరో వచ్చి అవతలివైపు తిప్పారు. పొద్దున నీలం కంపెనీని వదలొద్దని బతిమాలిన గొంతులే ఇప్పుడు నారింజ కంపెనీకి రమ్మని పిలుస్తాయి. చేరిన రోజున చిలక ఇది చూసి నవ్వాపుకోలేకపోయింది. “ఇది కంపెనీ కాదమ్మా, కాల్ సెంటరు. పూటకో గొంతు అద్దెకిస్తాం,” అన్నాడు సూపర్‌వైజరు అప్పుడు. ఆయన మెడలోదీ అలాంటి బ్యాడ్జీయే.

నాలుగూ నలభైకి వచ్చిన కాల్‌లో మనిషి రొప్పుతున్నాడు.

“హలో, నారింజ కంపెనీయేనా? పక్క కొట్టాయన ఫోన్నించి చేస్తున్నా. నా నంబరు మీ కంపెనీకి మార్చమని పెట్టుకున్నా. ఇందాక పైకెక్కి చూస్తే, నేనే వెనక్కి తీసుకున్నానని మెసేజుంది. నేనెందుకు తీసుకుంటానమ్మా?”

చిలక ఆ గొంతు గుర్తుపట్టింది. అయినా నోరు దాని పని అది చేసుకుపోయింది. “మీ పాత నంబరు విషయం మీ పాత కంపెనీనే అడగాలి సార్. మా దగ్గర కొత్త నంబరు తీసుకుంటే మొదటి నెల ఉచితం.” నారింజ కంపెనీ రాసిచ్చింది అంతే. కొత్త నంబరు అమ్మితే వాళ్లకు లాభం. పాత నంబరు తెచ్చుకునేవాడు వాళ్లకూ తలనొప్పే.

“కొత్తది ఏం చేసుకోను? పద్నాలుగేళ్లు అంటించిన కాగితాలు గోడగోడకీ వెళ్లి గీకనా?” అన్నాడాయన. “ఐదింటిదాకానే టైమంట. ఏదో ఒక దారి చెప్పండి.”

“కాస్త ఓపిక పట్టండి బాబాయ్.”

అనేసింది. అవతల రొప్పు ఆగింది.

“పొద్దున మాట్లాడింది నువ్వేగదమ్మా?”

చిలక సూపర్‌వైజరు ఎక్కడున్నాడో చూసింది.

“నాది చెవితో చేసే పని తల్లీ. తాళంలో ఏ ముక్క ఎక్కడ కదిలిందో విని చెప్పేస్తా. నువ్వే. పొద్దున నీలం, ఇప్పుడు నారింజ. సర్లే, కడుపు కోసం ఎవరి తిప్పలు వాళ్లవి.” తిడతాడనుకుంది. తిట్టలేదు. “నాకొక్కటి చెప్పమ్మా. నేనే ఏదో తప్పు నొక్కేసుంటాను, చూపు సరిగ్గా ఆనదు నాకు. ఏం తప్పు నొక్కాను?”

తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. తిట్లకు జవాబు కూడా రాసిచ్చారు. కానీ మోసపోయినవాడు తప్పు తన కళ్ల మీద వేసుకుంటుంటే ఏం చెప్పాలో ఎవరూ రాసివ్వలేదు. పొద్దుటి నుంచీ లోపల కుళ్లుతున్న కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. కోపం కంపెనీ మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

“మీరు తప్పు నొక్కలేదు బాబాయ్,” అంది. “మేమే నొక్కించాం. ఒకటి నొక్కితే దరఖాస్తు పోతుంది. అంతకుముందు రెండుసార్లూ అంతే.”

అటు కుర్చీ, ఇటు కుర్చీ తిరిగాయి. సూపర్‌వైజరు నడవా చివరి నుంచి వస్తున్నాడు.

“మీ ఫోనుకొచ్చిన ఆ మెసేజ్‌కే ‘రద్దు’ అని జవాబు పంపండి. ఐదు లోపల పంపితే వెనక్కి తీసుకున్నది చెల్లదు, దరఖాస్తు మళ్లీ లేస్తుంది. అడగనివాళ్లకు ఇది చెప్పొద్దని మాకు ఆర్డరు. మీ ఫోన్నించే పంపాలి.”

“నా ఫోన్నించే అంటే... మళ్లీ పైకెక్కాలిగా.”

“ఎక్కాలి బాబాయ్. టైముంది.”

“ఈ ఫోను పట్టుకునే ఎక్కుతా. ఆ ముక్క ఎక్కడ కొట్టాలో పైకెళ్లాక చెబుదువు గాని. పెట్టెయ్యకమ్మా.” కొట్టాయనతో ఏదో అన్నాడు. తర్వాత చెప్పుల చప్పుడు మెట్ల మీద మొదలైంది.

సూపర్‌వైజరు వచ్చి తెర మీద నిమిషాలు చూశాడు. “తొమ్మిది నిమిషాలు. పైన వింటున్నారు. కట్ చెయ్.”

ఆమె చెయ్యలేదు.

“చిలకా! నీ కాగితం నా టేబుల్ మీదుంది. నా కడుపు కూడా కొడతావా? తర్వాత వాళ్లు నన్నడుగుతారు, నిన్ను కాదు.” ఆయన గొంతులో బెదిరింపు కన్నా భయమే ఎక్కువుంది. “కట్ చెయ్యమ్మా. చెల్లెలి లాంటిదానివి, చెబుతున్నా.”

“చెయ్యను సార్.”

పది నెలల్లో ఆమె నోట ఆ మాట ఆ హాల్లో ఎవరూ వినలేదు. పక్క కుర్చీలో అక్క కాల్ మధ్యలో ఆగిపోయి, “ఒకటి నొక్కం...” అని, మిగతా అక్షరం అనకుండా ఊరుకుంది. ఆమె లైన్లో ఎవరో హలో హలో అంటున్నారు.

సూపర్‌వైజరు వంగి హెడ్‌ఫోన్ తీగ మొదలు పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గాని ఇంకా లాగలేదు. గోడ గడియారంలో నాలుగూ యాభై ఒకటి. చిరిగిన స్పాంజిలోంచి మెట్ల చప్పుడు వినపడుతోంది. రెండు మెట్లు, ఒక ఆయాసం. మళ్లీ రెండు మెట్లు.

“ఉన్నావా తల్లీ? మూడో అంతస్తు.”

చిలక తీగను ఇటువైపు నుంచి గుప్పెట్లో బిగించింది.

“ఉన్నా బాబాయ్. ఎక్కండి.”